కాంక్రీటులో సిమెంటు పొదుపు

సిమెంటు తగ్గించిన మేస్త్రిని దొంగ యని పిలుచుట మన గ్రామములలో పరిపాటి. అందు న్యాయము లేకపోలేదు. బస్తాలు లెక్కల పుస్తకములో నిండుగా కనబడి గోడలో కనబడకపోవుట, కట్టిన రెండేండ్లకే మురుగుకాలువ గట్టు చేతితో నలిపిన పొడియగుట ఎరుగని గ్రామస్థుడు లేడు. అట్టి స్థితిలో కాంక్రీటున సిమెంటును తగ్గింపవలసినదని ఒక పత్రిక వ్రాసినచో, ఇది ఏ కంట్రాక్టరు పక్షమున వ్రాసిన వ్రాతయో యని పాఠకులు శంకించుట సహజమే. అయినను ఆ మాటనే నేడు చెప్పదలచినాము. దొంగచాటున తగ్గించుట వేరు. లెక్క కట్టి, పరీక్షించి, పదిమంది యెదుట తగ్గించుట వేరు. ఈ రెంటికిని గల భేదము తెలియకపోవుటచేతనే మన డెల్టాలో గృహస్థు రెండు విధముల నష్టపోవుచున్నాడు. సిమెంటుకు వలసినదానికంటె హెచ్చుగా వెచ్చించుచున్నాడు. వెచ్చించియు నిలువని యిల్లు కట్టుకొనుచున్నాడు.

గూడూరు నుండి బందరు వరకును, అటు దివిసీమ వరకును ఏ యూరనైనను ఇరువది, ఇరువదియైదు సంవత్సరముల క్రిందట పోసిన స్లాబులను తల యెత్తి చూడుడు. క్రిందివైపున తుప్పు చారలు దిగియుండును. పెచ్చు లూడి యినుప చువ్వలు బయటపడి యుండును. సన్‌షేడు విరిగి వ్రేలాడుచుండును. ఇంటి యజమాని “ఉప్పుగాలి యండీ, ఏమి చేయుదుము?” అని నిట్టూర్చును. మేస్త్రి “ఆనాడు సిమెంటు చాలలే” దనును. ఇరువురును ముఖ్యకారణమును విడిచి మాటలాడుచున్నారు.

కాంక్రీటులోని క్షారగుణమే లోపలి యినుమును కాపాడును. సముద్రపు గాలిలోను నేలనీటిలోను ఉండు ఉప్పు కాంక్రీటు రంధ్రముల వెంట లోనికి జొచ్చి యినుమును ముట్టిననాడు ఆ రక్షణ పోవును. తుప్పు పట్టిన యినుము ఉబ్బి పై కాంక్రీటును చీల్చును. కావున ఉప్పునకు త్రోవ యెవరు చేసిరన్నదే ప్రశ్న. ఆ త్రోవ చేసినది అధికముగా పోసిన నీరు. ఒక 50 కిలోల సిమెంటు బస్తాతో రసాయనముగా కలియుటకు సుమారు 12 లీటర్ల నీరు చాలును. పోత సాగుటకై మరికొంత కావలయును. అంతకు మించి పోసిన ప్రతి చెంబును ఎండిపోయినపిదప కాంక్రీటులో ఖాళీని మిగిల్చిపోవును. కాంక్రీటు బలము సిమెంటు రాశిని బట్టి కాక, సిమెంటునకును నీటికిని గల నిష్పత్తిని బట్టి యుండునని అమెరికాలో డఫ్ ఏబ్రమ్స్ అనునతడు 1918 లోనే తేల్చి చెప్పెను. నూరేండ్లు దాటినను మన యూళ్లలో సిమెంటును బస్తాలతోను, ఇసుక కంకరలను గమేళాలతోను కొలుచుచున్నారు గాని నీటిని మాత్రము కంటితో కొలుచుచున్నారు. పోత బిగిసినదని కూలీ విసుగుకొనినచో గొట్టము విప్పుటయే.

ఆ నీరైనను ఎట్టిది? ఇది మన ప్రాంతమునకు ప్రత్యేకమైన చిక్కు. వ్యవసాయపు పనులు ముగిసి చేతిలో ధాన్యపు సొమ్ము పడునది వేసవిలో. ఇండ్లు కట్టునదియు అప్పుడే. సరిగా ఆ మాసములలోనే కాలువలు కట్టివేయుదురు. చెరువునీరు త్రాగుటకు దాచుకొనవలయును. మిగిలినది బోరునీరు. తూర్పు డెల్టాలో అనేక గ్రామములందు బోరునీరు ఉప్పని సంగతి పశువులకు సైతము తెలియును. ఇనుము వేసిన కాంక్రీటునకు వాడు నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించరాదని భారత ప్రమాణము ఐ.ఎస్. 456 విధించినది. వెలుపలి ఉప్పుగాలిని నిందించుచు ఉప్పును మన చేతులతోనే లోపల పోసి మూయుచున్నాము. ఇట్టి కాంక్రీటులో ఇంకొక బస్తా సిమెంటు వేసినందున ఒరుగునది అత్యల్పము.

ఇక లెక్కకు వత్తము. అంకెలు విసుగు పుట్టించునని యెరుగుదుము. కాని భూమి కొలతలోను శిస్తు లెక్కలోను ఒక్క సెంటును విడువని మన పాఠకులు ఇల్లు కట్టునప్పుడు మాత్రము అంకెలకేల వెనుదీయవలయును? సముద్రతీరపు గాలి తగులు కట్టడములకు ఐ.ఎస్. 456 విధించిన నియమము లివి: సిమెంటు బరువులో నీటి బరువు 0.45 వంతునకు మించరాదు. ఘనమీటరు కాంక్రీటునకు సిమెంటు 320 కిలోలకు తగ్గరాదు. ఇనుముపై కాంక్రీటు కప్పు 45 మిల్లీమీటర్లుండవలయును. ఇరువది మిల్లీమీటర్ల కంకరతో సాధారణముగా పోయు కాంక్రీటునకు ఘనమీటరుకు 186 లీటర్ల నీరు కావలయునని మిశ్రమముల లెక్కకు సంబంధించిన ఐ.ఎస్. 10262 చెప్పుచున్నది. ఆ నీటికి 0.45 నిష్పత్తి నిలుపవలెనన్నచో 413 కిలోల సిమెంటు వేయవలయును. మన మేస్త్రులు అంత వేయరు. తక్కువ వేసి, నీరు మాత్రము 186 కంటె హెచ్చుగా పోయుదురు. నిష్పత్తి 0.6 నకో 0.7 నకో పోవును. స్లాబు నిలుచును, ఇరువదియేండ్లకు పెచ్చులూడును.

సిమెంటును పెంచుట ఒక మార్గము. నీటిని తగ్గించుట రెండవ మార్గము, అదియే సరియైనది. పోతను పలుచన చేయు రసాయనములు నేడు ప్రతి పట్టణములోను దొరకుచున్నవి. మంచివి నీటి యవసరమును నూటికి 20 వంతులు తగ్గించును. అప్పుడు 186 లీటర్లు 149 అగును, అదే 0.45 నిష్పత్తికి సిమెంటు 331 కిలోలు చాలును. ఆ 331 కిలోలలో నూటికి 30 వంతులు మంచి బొగ్గుబూడిద అయినచో బూడిద 99, సిమెంటు 232 కిలోలు. ప్రమాణము విధించిన కనీసపు 320 లో ఈ బూడిదయు హద్దుకు లోబడి లెక్కకు వచ్చును. కావున ఇది చట్టమును దాటుట కాదు. 413 ఎక్కడ, 232 ఎక్కడ! ఘనమీటరుకు మూడున్నర బస్తాలకు పైబడిన భేదము. నిష్పత్తి చెడలేదు, రంధ్రములు పెరుగలేదు.

కంకర విషయమొకటి ఇక్కడనే చెప్పవలయును. ఒకే పరిమాణపు రాళ్లను రాశి పోసినచో నడుమ ఖాళీ లెక్కువ. ఆ ఖాళీలను నింపవలసినది సిమెంటు ముద్దయే. ఇరువది మిల్లీమీటర్ల రాతితో పది, పండ్రెండు మిల్లీమీటర్ల రాతిని తగుపాళ్లలో కలిపినచో చిన్నరాయి పెద్దరాళ్ల సందులను పూరించును, ముద్ద తగ్గును. లారీవాడు తెచ్చిన దానినే పోసికొనుట మాని, రెండు రకముల కంకర తెప్పించుటకు పెద్ద చదువు అక్కరలేదు.

బూడిద యనగానే మన పెద్దలు నొసలు చిట్లింతురు. కాని బూడిద చేయు పనినే మన పూర్వులు ఇటుకపొడితో చేయించిరి. సిమెంటు నీటితో కలిసినప్పుడు కొంత సున్నము విడుదలయై ఊరక పడియుండును. మెత్తని బూడిదలోని సిలికా ఆ సున్నమును పట్టుకొని మరింత బంధకపదార్థమును పుట్టించి రంధ్రములను మూయును. సున్నములో సుర్ఖీ కలిపి గానుగ త్రిప్పిన తాపీవాని విద్య యిదియే. అతనికి రసాయనశాస్త్రపు పేరు మాత్రమే తెలియదు. 1895 లో ముగిసిన ముల్లపెరియారు ఆనకట్ట సున్నముతోను సుర్ఖీతోను కట్టినదే. 1852 లో ప్రారంభమై 1855 నాటికి ముగిసిన బెజవాడ ఆనకట్ట పోర్ట్‌లండు సిమెంటు మన దేశమున తయారు కాకమునుపటిది. అది 1952 వరకు ఈ డెల్టాను పోషించినది. ఇంతమాత్రమున సున్నపు కట్టడమునకే మరలిపొండని మేము చెప్పము. అందు తుప్పు పట్టుటకు ఇనుము లేదు. పెద్ద కప్పులకు, తుపానునకు నిలువవలసిన కట్టడములకు ఇనుము వేసిన కాంక్రీటే కావలయును. దేశములో మొట్టమొదటి సిమెంటు ఫ్యాక్టరీ 1904 లో చెన్నపట్టణమున సముద్రపు గుల్లలను కాల్చి పనిచేసినదన్న సంగతి మాత్రము, గుల్లసున్నము నెరిగిన బందరువారికి వినసొంపుగా నుండును.

ఈ పొదుపు గృహస్థుని సంచికి మాత్రమే సంబంధించినది కాదు. సున్నపురాతిని సుమారు 1450 డిగ్రీల వేడిమిలో కాల్చినగాని సిమెంటు క్లింకరు కాదు. కాల్చు బొగ్గు నుండి వచ్చు వాయువు అటుండ, రాతిలో దాగిన బొగ్గుపులుసు వాయువే టన్ను క్లింకరునకు అరటన్నుకు పైగా బయలువెడలును. ప్రపంచమున ఏటేట సుమారు 400 కోట్ల టన్నుల సిమెంటు తయారగుచున్నది. చైనా తరువాత హెచ్చుగా చేయునది మన దేశమే. మానవుడు విడుచు బొగ్గుపులుసు వాయువులో నూటికి ఏడెనిమిది వంతులు ఈ ఒక్క పరిశ్రమ నుండి. దాని ఫలముగా సముద్రము పొంగినచో మొదట మునుగునది మెరక సీమలు కావు. సముద్రమట్టమునకు జానెడు మూరెడు ఎత్తున పొలము దున్నుకొనువారికి ఈ లెక్క పరాయిది కానేరదు.

ఇబ్రహీంపట్టణమున నార్ల తాతారావు విద్యుత్కేంద్రము 1979 నుండి బొగ్గు కాల్చుచున్నది. గూడూరునకు అది నూరు కిలోమీటర్ల లోపలనే యున్నది. అక్కడి బూడిద చెరువులు చుట్టుప్రక్కల యూళ్లకు ఎట్టి బాధయో అందలి ప్రజలే చెప్పవలయును. గాలి వీచిననాడు ఆరవేసిన గుడ్డలు తెల్లగా నుండవు. బూడిదను వినియోగింపవలసినదని కేంద్రప్రభుత్వము 1999 లో మొదట శాసించినది. 2021 డిశెంబరు 31 నాటి ప్రకటనలో నూటికి నూరు వంతులును వినియోగింపవలెననియు, లేనిచో టన్నుకు వేయి రూపాయలు పరిహారము చెల్లింపవలెననియు విధించినది. ఒకచోట బూడిద పారవేయుటకు తావులేక చిక్కు. మరియొకచోట అదే బూడిద చేయగల పనికి కొండలు త్రవ్వి, బొగ్గు కాల్చి సిమెంటు చేయుట! ఇట్లే విశాఖ ఉక్కు కర్మాగారపు చిట్టెము. 1990 నుండి అక్కడ కొలుములు మండుచున్నవి. వానిలో ఒకదాని పేరు గోదావరి, మరియొకదాని పేరు కృష్ణ. ఆ కృష్ణ కొలిమి చిట్టెమును చల్లార్చి మెత్తగ విసరి సిమెంటులో కలిపినచో, ఈ కృష్ణ ముఖద్వారమున ఉప్పునకు తట్టుకొను కాంక్రీటు తయారగును. పోర్ట్‌లండు పొజొలానా సిమెంటులో బూడిద నూటికి 15 మొదలు 35 వంతుల వరకును, స్లాగు సిమెంటులో చిట్టెము 25 మొదలు 70 వంతుల వరకును ఉండవచ్చునని ప్రమాణములు ఏనాడో అంగీకరించినవి.

ఇంతకంటె మనకు దగ్గరదైన పదార్థ మొకటి కలదు. దానిని గూర్చి ఒకింత వివరముగా చెప్పుట మాకు ఇష్టము. ధాన్యములో అయిదవ వంతు ఊక. ఊకను కాల్చినచో మిగులు బూడిద మరల అందులో అయిదవ వంతు. ఆ బూడిదలో నూటికి 85, 90 వంతులు సిలికా. వరి మొక్క మన నేల నుండి పీల్చి తెచ్చిన సొత్తు అది. ఎకరమునకు 75 కిలోల బస్తాలు ముప్పది పండెననుకొందము. ధాన్యము 2,250 కిలోలు. ఊక 450 కిలోలు. బూడిద 90 కిలోలు. పై లెక్కలో సిమెంటునకు బదులు నూటికి 15 వంతులు ఈ బూడిద వేసినచో ఘనమీటరుకు 50 కిలోలు పోవును. అనగా ఒక ఎకరపు ఒక్క పంటలోని ఊకబూడిద దాదాపు రెండు ఘనమీటర్ల కాంక్రీటునకు సరిపోవును. డెల్టాలో లక్షలకొలది ఎకరముల వరి కలదు. గుడివాడ, పామర్రు ప్రాంతముల మిల్లుల వెనుక గుట్టలుగా పడియుండి, గాలికి కండ్లలో పడి, తుదకు ఏ పల్లములోనో పోయబడు నల్లని బూడిద ఇదియే.

బూడిదంతయు ఒక్కటి కాదు. ఊకను సుమారు 700 డిగ్రీలకు మించని వేడిమిలో నిదానముగా కాల్చినప్పుడే సిలికా చురుకైన రూపమున నిలుచును. మంట మితిమీరినచో అది స్ఫటికమై ఇసుకవలె జడమగును. మంట చాలనిచో బొగ్గు మిగిలి నల్లగా నుండి నీటిని త్రాగివేయును. నీటిని తగ్గింపబోయి పెంచినవారమగుదుము. సరిగా కాలినదానిని సయితము మెత్తగా విసరవలయును. కావున మిల్లు బూడిదను పారతో తెచ్చి కాంక్రీటులో కలుపుడని మేము చెప్పినట్లు ఎవరును గ్రహింపరాదు. బర్కిలీ విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా నుండిన పి. కుమార్ మెహతా అను భారతీయుడు 1970 ప్రాంతపు దశకములోనే ఊకను సరియైన వేడిమిలో కాల్చు విధానమును, దాని సిమెంటును రూపొందించి ప్రపంచమునకు చూపెను. ఐ.ఎస్. 456 సయితము, పనికివచ్చునని నిరూపించినచో, అధికారి యనుమతితో ఊకబూడిదను వాడవచ్చునని 2000 సంవత్సరము నుండి చెప్పుచున్నది. ద్వారము తెరచియున్నది; ప్రవేశించువాడే లేడు. మిల్లు యజమానులు నలుగురు కలిసి ఒక సరియైన కొలిమిని, ఒక విసురు యంత్రమును పెట్టి, బూడిదను సంచికట్టి, పరీక్షాపత్రముతో అమ్మినచో అది ఈ ప్రాంతపు స్వదేశీ పరిశ్రమ యగును. 1910 లో ఆంధ్ర జాతీయ కళాశాలను, 1923 లో ఆంధ్రా బ్యాంకును స్థాపించుకొనిన బందరు సీమకు ఇంతపాటి సాహసము మించిన పని యని మేము నమ్మజాలము.

కాల్చిన బంకమన్నుతోను సున్నపురాతి పొడితోను క్లింకరును సగమునకు తగ్గించు సిమెంటొకటి వచ్చినది. స్విట్జర్లండు, క్యూబా దేశముల శాస్త్రజ్ఞులతో కలిసి ఢిల్లీ, మద్రాసు ఐ.ఐ.టి. వారు దానిపై కృషి చేసిరి. 2023 లో భారత ప్రమాణము ఐ.ఎస్. 18189 దానికేర్పడినది. అది మంచిదే; కాని దానికి చీనామన్ను జాతి బంకమన్ను కావలయును. మన నల్లరేగడి ఆ పనికి తగదు.

ఇక ఆక్షేపణలు. బూడిద సిమెంటు మెల్లగా గట్టిపడునందురు. నిజమే. దాని బలము 28 వ నాటికంటె 90 వ నాటికి స్పష్టముగా కనబడును. అందుచేతనే సెంట్రింగు విప్పుటలో తొందర కూడదు. నీరు కట్టుట పదునాలుగు దినములు సాగవలయును. మూడు దినములు తడిపి, నాలుగవ దినమున గోనెపట్టాలు మడిచి వేయు అలవాటు ఏ సిమెంటునకైనను చెరుపే; బూడిద సిమెంటునకు మరింత చెరుపు. “యాభై మూడు గ్రేడు” తప్ప ముట్టనను గృహస్థుడు ఆ తొందరకే ధర చెల్లించుచున్నాడు. త్వరగా గట్టిపడుట కంట్రాక్టరునకు లాభము. అతడు సెంట్రింగు సామగ్రిని మరియొక యింటికి మార్చుకొనవలయును గదా! ఇంటిలో ముప్పది నలుబదియేండ్లు కాపురముండువానికి పండ్రెండు దినములు ముందు వెనుకలతో పని యేమి?

మరియొక హెచ్చరిక. బజారులో కొను పొజొలానా సిమెంటులో బూడిద ముందే చేరియున్నది. దానిలో మరల మేస్త్రిచేత బూడిద కలిపించుట ప్రమాదము. పైన చెప్పిన 30 వంతుల లెక్క మామూలు సిమెంటునకు విడిగా బూడిద కలుపుకొనువారికి గాని పొజొలానా బస్తా తెచ్చుకొనువారికి గాదు. ఒక్కొక్క యింటివాడు విడిగా కలుపుకొనుట సాధ్యము కాదు. అతనికి పొజొలానా సిమెంటో, స్లాగు సిమెంటో కొని, నీటిని కొలిచి పోయించుటయే మార్గము. కంపెనీలవారు బూడిద కలిపి తమ ఖర్చు తగ్గించుకొని, ధరలో మాత్రము స్వల్పభేదమే చూపుచున్నారను ఫిర్యాదు మాకును న్యాయముగానే తోచుచున్నది. ఆ లాభములో కొంత కొనువానికి దక్కవలయును. అయినను ధర సమానమైనను ఈ సముద్రతీరమున బూడిద సిమెంటే మేలు.

ప్రభుత్వము తన పనులలో చూపని దారిని ప్రజలు త్రొక్కరు. మంగినపూడి తీరమున బందరు రేవు పనులకు 2023 మే 22 న శంకుస్థాపన జరిగినది. అలల కెదురుగ నిలుచు అట్టి కట్టడములలో కాంక్రీటు రాశి ఎట్టిదో ఊహించుకొనవచ్చును. అందేయే పాళ్లలో చిట్టెము, బూడిద వాడుచున్నారో, పరీక్షలలో ఉప్పు ఎంత లోతునకు దిగుచున్నదో బహిరంగముగా ప్రకటించుట న్యాయము. 1864 నవంబరు 1 రాత్రి బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను తుడిచివేసినది. దాని పిమ్మట తీరమంతట తుపాను ఆశ్రయములను కాంక్రీటుతో కట్టిరి. వానిలో పెక్కింటి కప్పులు పెచ్చులూడి, ఇనుము తేలి, ఆశ్రయమునకే ఆశ్రయము కావలసిన స్థితికి వచ్చినవి. ఉప్పెన దినమున నూర్లకొలది ప్రాణములు ఎక్కి నిలువవలసిన కప్పు అది! అందు ఎన్ని బస్తాలు వేసిరని విచారించు అధికారి, నీరు ఎంత పోసిరని, ఇనుముపై 45 మిల్లీమీటర్ల కప్పు నిలిచినదా యని విచారింపడు. ఒప్పందపు పత్రములో బస్తాల లెక్క ఉన్నంతకాలము కంట్రాక్టరు బస్తాలనే చూపును. గట్టిపడిన దిమ్మ బలమును, ఉప్పునకు దాని ఓర్పును కొలిచి సొమ్ము చెల్లించునాడు దొంగకును బూడిద సిమెంటునకును గల తేడా తానే బయటపడును.

గూడూరు మండలమున రాబోవు వేసవిలో కట్టదలచిన పాఠశాల గదియో, పంచాయతి భవనమో ఏదైన నొకటి ఈ పద్ధతిని కట్టుటకు జిల్లాపరిషత్తువారు ఉత్తరువు చేయవలెనని కోరుచున్నాము. గుడ్లవల్లేరు ఇంజనీరింగు కళాశాల దగ్గరనే యున్నది. దిమ్మలను పగులగొట్టి చూచుటకు దూరము పోనక్కరలేదు. కాలువలు కట్టుటకు ముందే ఆ పనికి వలసిన మంచినీటిని తొట్టిలో నింపి యుంచవలయును. 28 వ నాటి ఫలితమును, 90 వ నాటి ఫలితమును, వాడిన సిమెంటు, బూడిద, నీటి లెక్కలతోకూడ ఆ భవనపు గోడమీదనే తెలుగులో వ్రాయింపవలయును. మేస్త్రులందరును నిలువబడి చదువుకొందురు.